పదకొండు ఓవర్ల లెక్క

ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సునీల్‌కుమార్‌కు కూతురు పుట్టి తొమ్మిది నెలలయింది. ఈ తొమ్మిది నెలల్లో ఆ పిల్ల ఎన్ని మిల్లీలీటర్ల పాలు తాగింది, ఏ రోజు ఎన్ని గంటలు పడుకుంది, వారానికి ఎన్నిసార్లు తుమ్మింది, అన్నీ అతని ఫోన్లో పట్టికలుగా ఉన్నాయి. పిల్ల పేరు మరియ. పట్టిక పేరు కూడా మరియే.

డిసెంబరులో ఒకరోజు ఆ పట్టిక చూసుకుంటే పిల్ల బరువు రెండు వందల గ్రాములు తగ్గినట్టు తేలింది. సునీల్‌కుమార్ క్లాసు మధ్యలో వదిలేసి, ఇంటికొచ్చి పిల్లను దుప్పట్లో చుట్టుకుని, భార్య కృపారాణి నర్సుగా చేసే దవాఖానకు ఉరికాడు. ఆమె పిల్లను చూసింది, మొగుణ్ణి చూసింది.

"పోయిన వారం తూచినప్పుడు స్వెట్టరుండెనా?"

"ఉండె."

"ఇయ్యాల?"

"లేదు."

కృపారాణి సూదులు వేసే పనిలోకి వెళ్ళిపోయింది. అతను ఇంటికొచ్చి పట్టికలో స్వెట్టరుకు ఒక గడి అదనంగా చేర్చాడు. తప్పు తెలిస్తే దిద్దుకోవడమే శాస్త్రం అని తనకు తాను చెప్పుకున్నాడు.

ఇలాంటి మనిషి చేతిలో ఎల్లారెడ్డి క్రికెట్ జట్టు తన లెక్కలన్నీ పెట్టింది.

ఆ ఏడు లీగులో ఆరు జట్లు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, బిచ్కుంద, మద్నూర్, రాజంపేట. వేలంలో ఎంచుకున్న ఆటగాళ్ళు, రంగురంగుల బనియన్లు, ఆదివారం ఆదివారం కామారెడ్డి గ్రౌండులో ఇరవై ఓవర్ల మ్యాచులు. ఫైనల్ అంటూ ఏమీ లేదు. అందరూ అందరితో ఆడాక పట్టికలో పైన ఎవరుంటే జెండా వాళ్ళది. గెలిచిన ఊరి బస్టాండు ముందర ఆ జెండా ఏడాదంతా ఎగరాలి. రెండేళ్ళ నుంచీ అది కామారెడ్డి బస్టాండు ముందరే ఎగురుతోంది. రెండేళ్ళూ ఎల్లారెడ్డి రెండో స్థానమే. పాయింట్లు సమానమై, రన్‌రేటులో వెనకబడి. కామారెడ్డిలో బస్సు దిగిన ఎల్లారెడ్డి వాళ్ళు తల వంచుకుని ఆ జెండా కింది నుంచి నడవాల్సి వస్తోంది.

కెప్టెన్ దేవరాజ్ జేసీబీ నడుపుతాడు. ముప్పై ఆరేళ్ళు. మోకాలికి పట్టీ లేకుండా మెట్లు కూడా దిగడు.

"సారూ, నా కాలు ఇంకో యేడు రాదు," అన్నాడు సీజను మొదట్లోనే. "ఈసారన్న జెండ మనూరికి రావాలె. రెండుసార్లు రేటు తెల్వక ఓడినం. రేటు సంగతి నువ్వు జూస్కో, కొట్టుడు సంగతి మేం జూస్కుంటం."

సునీల్‌కుమార్‌కు గుండె నిండింది. అతనికి ఆట రాదు. చదువుకునే రోజుల్లో ఒకే ఒక్కసారి బ్యాటు పట్టాడు. బంతి ఎటు తిరుగుతుందో అంచనా కడుతుండగానే వెనక వికెట్లు పడ్డ చప్పుడైంది. ఇప్పుడు ఆడకుండానే జట్టులో చోటు దొరికింది. లీగు నియమాల పుస్తకం కూడా జట్టు తరఫున అతనే తీసుకుని, అన్నీ చదివి అర్థం చేసుకున్నానని సంతకం పెట్టాడు. చదవలేదు. వేగమంటే ఏందో ఫిజిక్స్ సారుకు ఒకరు చెప్పాలా?

ఆఖరి ఆదివారానికి పరిస్థితి ఇదీ. కామారెడ్డి నాలుగుకు నాలుగూ గెలిచి ఎనిమిది పాయింట్ల మీద ఉంది. ఎల్లారెడ్డి ఒకటి ఓడి ఆరు మీద ఉంది. మిగిలింది వాళ్ళిద్దరి మధ్య మ్యాచే. ఎల్లారెడ్డి గెలిస్తే పాయింట్లు మళ్ళీ సమానం. మళ్ళీ రన్‌రేటే.

ఆ ఆదివారం మొదట కామారెడ్డి ఆడి నూట పద్దెనిమిది కొట్టింది. సునీల్‌కుమార్ ఫోను మీద వేళ్ళాడించి, జట్టు గ్రూపులో ప్రకటన పెట్టాడు. 'నూట పందొమ్మిది పరుగులు పదకొండు ఓవర్లలోపు కొట్టాలి. దాటితే గెలిచినా జెండా రాదు.' కింద ఒక గ్రాఫు కూడా జతచేశాడు, ఎవరికీ అక్కర్లేకపోయినా.

పది నిమిషాల్లో ఆ ముక్క ఊరి గ్రూపులన్నీ తిరిగింది. సరిహద్దులో ఉండే మద్నూర్ వాళ్ళెవరో దాన్ని మరాఠీలో రాసి పంపుకున్నారు. కామారెడ్డి కెప్టెన్ భూపాల్ ఫోనుకూ చేరింది. ఆ గ్రాఫు చూశాక ఎవరికీ అనుమానం రాలేదు.

"పదకొండా!" దేవరాజ్ తల గోక్కున్నాడు. "ఓవరుకు పదకొండు పరుగులాయె. సరే, చావో రేవో. కొట్టుండ్రి!"

కొట్టారు. కొట్టడమంటే కళ్ళు మూసుకుని గాల్లోకి లేపడమే. సిక్సర్లూ పోయాయి, వికెట్లూ పోయాయి. ఎనిమిది ఓవర్లకు డెబ్బై, ఐదుగురు ఔటు.

సునీల్‌కుమార్‌కు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. మరియను కృపారాణి ఒళ్ళో పెట్టి, పిల్ల సంచి భుజానేసుకుని, స్కోరు రాసే బల్ల దగ్గరికి పోయాడు. అక్కడ ప్రభుదాసు సార్ పెన్సిలుతో పెద్ద రిజిస్టరులో రాస్తున్నారు. రిటైరైన డ్రిల్లు మాస్టరు. చిన్నప్పుడు సునీల్‌కుమార్‌ను గ్రౌండు చుట్టూ ఉరికించిన మనిషే. రిజిస్టరులో ఎల్లారెడ్డి పేజీ తెరిచి ఉంది. మద్నూర్ మ్యాచు వరసలో ఒక తప్పు సునీల్‌కుమార్ కంటబడింది. గురువు గారి తప్పు పట్టే అవకాశం రోజూ రాదు. గొంతు సవరించుకున్నాడు.

"సార్, మద్నూరోళ్ళు మన మీద తొమ్మిది ఓవర్లకే ఆలౌటయిండ్రు గద. మీరు ఇరవై రాసిండ్రేంది?"

ప్రభుదాసు సార్ తలెత్తలేదు. "ఆలౌటయితే ఇరవైకి ఇరవై ఓవర్లు లెక్కల కడతరు, బిడ్డా. పదో పేజీల రాసున్నది. చదివిన అని నువ్వే గద సంతకం పెట్టింది?"

సునీల్‌కుమార్ గబగబా ఫోను తీసి తన పట్టిక చూశాడు. మద్నూర్ కొట్టిన యాభై నాలుగు పరుగుల్ని అతను తొమ్మిదితో భాగించాడు. ఎంతసేపు ఆడితే అంతతో భాగించడమే కదా వేగం! ఇరవైతో భాగించాలట. ఎదుటి జట్ల వేగం ఎంత తగ్గితే మన రేటు అంత పెరుగుతుంది. అంటే ఎల్లారెడ్డి రేటు తాను అనుకున్నదానికంటే ఎంతో మెరుగు. అంటే పదకొండు ఓవర్లు తప్పు.

గడి మార్చాడు. పదహారు ఓవర్లని వచ్చింది. పదహారు! నడుచుకుంటూ కొట్టొచ్చు.

ఇంకొకరెవరైనా అప్పుడే ఉరికేవారు. అతను సైన్సు మనిషి. ఒకసారి వచ్చిన ఫలితాన్ని ఎలా నమ్మడం? రెండోసారి వేశాడు. ఒక వికెట్ పడింది. ఫోనును నమ్మక కాగితం మీద మూడోసారి వేశాడు. ఇంకొకటి పడింది. మూడుసార్లూ పదహారే. పది ఓవర్లకు ఎనభై ఆరు, ఏడుగురు ఔటు.

ఇప్పుడు ఈ సంగతి క్రీజులో ఉన్న దేవరాజ్‌కు చెప్పాలి. ఆట మధ్యలో లోపలికి పోవాలంటే నీళ్ళ సాకు ఉండాలి. సునీల్‌కుమార్ సంచిలో చెయ్యి పెట్టి, తగిలిన సీసా పట్టుకుని, ఓవరు అయ్యీ కాకముందే గ్రౌండులోకి పరుగు తీశాడు. జనం ఎందుకు నవ్వుతున్నారో సగం దూరం పోయాక గాని తెలియలేదు. చేతిలో ఉన్నది మరియ పాలసీసా.

"ఏంది సారూ ఇది?" అంపైరు దారికడ్డం వచ్చాడు.

"నీళ్ళు."

"పాలపీక ఉన్నది గద!"

దేవరాజ్ మొహం ఎర్రగా ఉంది. "ఇంట్ల పిల్లకు తాపుకో పో సారూ! ఇంకొక్క ఓవరే ఉన్నది, నా పానం తియ్యకు."

"దేవన్నా, తాగు. తాగుకుంట ఇను," అన్నాడు సునీల్‌కుమార్. "పదకొండు కాదన్నా. పదహారు. నాదే తప్పు. రూలు చదవలే. పిల్లలకు చదువు చెప్పేటోణ్ణి, పదో పేజీ చదవలే."

దేవరాజ్ పాలసీసా అందుకుని, వేల మంది చూస్తుండగా నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు పీల్చాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఇది ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. తల కింద పెట్టుకొని పో. ఏడ్సుకుంట పోతున్నట్టు పో."

అది నటించాల్సిన పని సునీల్‌కుమార్‌కు పడలేదు.

పదకొండో ఓవరు అయిపోయింది. తొంభై ఒకటి. ఆ క్షణాన కామారెడ్డి వైపు డప్పులు మొదలయ్యాయి. భూపాల్ గ్రౌండులోనే రెండు చేతులూ లేపి చిందేశాడు. జెండా మళ్ళీ మనదే, ఇంక ఈ మ్యాచు గెలిస్తే ఎంత, ఓడితే ఎంత! మంచి బౌలర్లను పక్కన పెట్టాడు. సీజనంతా బంతి ముట్టనివాళ్ళకు తలా ఒక ఓవరు పంచాడు. వికెట్ కీపరు కూడా ప్యాడ్లు విప్పి ఒకటి వేశాడు. బౌండరీ దగ్గరి ఫీల్డర్లు సెల్ఫీలు దిగుతున్నారు. దేవరాజ్ మొహం వేలాడేసుకుని, ఓడినవాడిలా బ్యాటు ఈడ్చుకుంటూ, ఒకటీ రెండూ తీస్తూ పోయాడు. కుంటుతూ తీశాడు. అది మాత్రం నటన కాదు. అవతలివైపు ఇద్దరు ఔటయ్యారు. పదో నంబరు పోయాక ఆఖరివాడు వచ్చి కళ్ళు మూసుకుని బ్యాటు అడ్డం పెట్టాడు.

పదహారో ఓవరు రెండో బంతికి దేవరాజ్ నాలుగు కొట్టాడు. నూట ఇరవై.

ప్రభుదాసు సార్ పెన్సిలు చెవి మీద దోపుకుని మైకు అందుకున్నారు. "పాయింట్లు సమానం. రన్‌రేటుల ఎల్లారెడ్డి మీదున్నది. జెండ ఎల్లారెడ్డిది."

డప్పులు ఆగిపోయాయి. భూపాల్ బల్ల మీద చెయ్యి చరిచాడు. "పదకొండన్నరు గద!"

"ఎవలన్నరు?"

"గ్రూపుల వచ్చింది! గ్రాఫు గూడ ఉన్నది!"

"గ్రాఫు నేను పెట్టిన్నా? ఎవరు పెట్టిండ్రో ఆళ్ళనడుగు."

అందరూ తిరిగి సునీల్‌కుమార్ వైపు చూశారు. అతని చేతిలో ఇంకా పాలసీసా ఉంది.

"అన్నా, నిజంగ తప్పు చేసిన," అన్నాడు అతను. "కావాల్నని చెయ్యలే. ఆలౌటు రూలు నాకు తెల్వదు."

భూపాల్ తల ఆడించాడు. "ఫిజిక్స్ సారువు, నీకు తెల్వదా! ఎంత తియ్యగ చెప్తున్నవ్ సారూ. గింత తెలివి మా జట్టుల ఒక్కనికున్నా బాగుండు." కోపం కన్నా గౌరవమే ఎక్కువుంది ఆ గొంతులో.

సాయంత్రం ట్రాక్టరు మీద జెండా ఎల్లారెడ్డికి వచ్చింది. బస్టాండు ముందర కట్టేటప్పుడు తాడు సునీల్‌కుమార్ చేతికే ఇచ్చారు. ఎన్ని రోజుల కింద ప్లాను వేశావని అడిగారు. ఆరుగురికి నిజం చెప్పాడు. ఆరుగురూ పగలబడి నవ్వారు. ఏడోవాడు అడిగితే ఊరుకున్నాడు.

దేవరాజ్ మోకాలి పట్టీ విప్పి, అక్కడే గద్దె మీద కూలబడ్డాడు. జెండాను చూస్తూనే అన్నాడు, "సారూ, ఆ స్కోరు బల్ల కాడ రెండు వికెట్లు పడేదాంక ఏం జేసినవ్ నువ్వు?"

"సరిచూసుకున్ననన్నా. మూడుసార్లు."

దేవరాజ్ చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చాక మరియకు విటమిన్ చుక్కలు వేసే వేళయింది. సునీల్‌కుమార్ చీటీ చూసి, సీసా చూసి, వయసు చూసి, బరువు కోసం ఫోను తీశాడు. కృపారాణి పిల్లను చంకనేసుకుని వచ్చి, సీసా అతని చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"మరియ డాడీ, నువ్వు జెండ తెచ్చినవ్, సంతోషం. ఇది నేనేస్త."

"ఎన్ని చుక్కలో చూస్తున్న..."

"డబ్బ మీద రాసున్నది," అంది ఆమె. "చదవాలె."