మావ గిటార్లో ఈతాకు

మొన్న మట్టల ఆదివారం నాడు మా చర్చిలో ఏం జరిగిందో చెబితే, ఇక మీదట మీ ఇంట్లో బల్బు కూడా నన్ను మార్చనివ్వరు. సర్లే, పోయిన పరువు ఎలాగూ పోయింది. వినండి.

మా మావ అంటే మా అమ్మకి తమ్ముడు, నా భార్య సుగుణకి నాన్న. గజపతినగరంలో మా చర్చి క్వయర్‌కి బేస్ గిటారు ఆయనే. చిన్నప్పుడు నాకు ఆదివారం అంటే ప్రసంగం కాదు, బెంచీ కింద నుంచి కాళ్లలోకి పాకే ఆ గుమ్ గుమ్ శబ్దం. అలాంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవడం లేదు. మాట ఒక్కొక్కటిగా వస్తుంది. మూతి కొంచెం పక్కకి పోయింది. అంతే, చర్చికి రావడం మానేశాడు. జనం జాలిగా చూస్తే ఆయన తట్టుకోలేడు. గిటారు సంచీలో పెట్టి బీరువా మీదకి ఎక్కించేశారు.

ఆయన చోటు ఖాళీగా ఉందని నేను నేర్చుకోవడం మొదలుపెట్టాను, చర్చిలో ఉన్న వేరే గిటారు మీద. నాకు వచ్చిన పాటలు నాలుగు, అందులో రెండు ఒకలాగే వినిపిస్తాయి.

ఒకరోజు సుగుణ వంటింట్లోంచి పరుగున వచ్చింది. మట్టల ఆదివారానికి రమ్మని నాన్నని బతిమాలిందట. "నా గిటారు మోగితే వస్తాను" అన్నాడట. ఆ మాట చెబుతుంటే దాని కళ్లు మెరిశాయి. "బావా, నువ్వెలాగైనా దాన్ని బాగుసెయ్యాల" అంది. విజయనగరం తీసుకెళ్లి రిపేరు షాపులో ఇద్దామంటే, వాళ్లు ఎప్పటికి ఇస్తారో తెలీదు. నేనే చేస్తానన్నాను. ఫోన్లో నెట్ చవకయ్యాక ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒకదాంట్లో ఎక్స్‌పర్ట్ అయిపోయాడు కదా, నేనెందుకు కాకూడదు?

శనివారం పొద్దున, మావ లోపల పడుకుని ఉండగా, వసారాలో దుప్పటి పరిచి, ఫోన్‌ని చెంబుకి ఆనించి, పని మొదలుపెట్టాను. తుప్పు పట్టిన పాత తీగలు తీశాను. వీడియోలో తెల్లాయన మెడ మీది చెక్కకి ఏదో స్పెషల్ నూనె రాస్తున్నాడు. గజపతినగరంలో అదెక్కడ దొరుకుతుంది? అత్త తలకి రాసుకునే మల్లెపూల వాసన కొబ్బరినూనె కిటికీలో ఉంది. కాస్త ధారాళంగానే రాశాను. చెక్క నిగనిగలాడింది. అత్త చూసి సీసా తీసుకుపోయి లోపల దాచుకుంది.

అక్కడితో ఆగి ఉంటే నేను మనిషిని. ఆగలేదు. ఈ గిటారుకి మెడ, ఒళ్లు వేరువేరు ముక్కలు. మెడ వెళ్లి ఒంట్లో ఉన్న గుంటలో కూర్చుంటుంది, వెనక నుంచి స్క్రూలు బిగిస్తారు. వీడియోలో ఎవరూ విప్పమనలేదు. కానీ శుభ్రం అంటే పూర్తిగా శుభ్రం కావాలి కదా! విప్పాను. గుంటలో ఎండిపోయిన ఆకు ముక్క ఒకటి కనిపించింది. ఎన్నాళ్ల చెత్తో అనుకుని, చీపురు తెచ్చి, దుమ్ముతో పాటు ఊడ్చి పెరట్లో పారబోశాను. ఆ పూటకి ఇల్లు ఊడ్చిన పుణ్యం కూడా నాదే అని సుగుణకి చెప్పుకున్నాను.

కొత్త తీగలు వేసి బిగించాక చూస్తే, తీగలు మెడకి ఇంత ఎత్తున నిలబడి ఉన్నాయి. వాటి కింద నుంచి చీమలబారు దర్జాగా పోవచ్చు. నొక్కితే వేళ్లు కోసుకుపోతున్నాయి, స్వరం పలకడం లేదు. తీగల కింది కొసలు పట్టుకునే బ్రిడ్జి దగ్గర, అలెన్ కీ అనే వంకర కడ్డీతో మరలు తిప్పి దించాను, దించాను, ఇంక దిగడానికి చోటు లేనంత దించాను. అయినా అంతే. పొద్దున తీగల తుప్పు తప్ప బాగానే ఉన్న గిటారు, నేను సేవ చేశాక పాడైంది. ఎందుకో అర్థం కాక వీడియో మళ్లీ మొదట్నుంచి చూశాను. తెల్లాయన నవ్వుతూనే ఉన్నాడు.

సాయంత్రం సుగుణ వచ్చి అడిగింది. "అయిపోనాదా బావా? నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ సేయించమన్నాడు." అయిపోయింది అన్నాను. మరేం చెప్పను? అన్నాళ్ల తర్వాత ఆయన చొక్కా ఇస్త్రీ అడిగాడు.

ఆదివారం ఆయన నిజంగానే వచ్చాడు. ఆటో దిగి, సుగుణ భుజం పట్టుకుని, తల దించుకుని నడిచి ముందు బెంచీలో కూర్చున్నాడు. ఎవరివైపూ చూడలేదు. చేతిలో అందరిలాగే ఒక ఈతమట్ట. మా చర్చిలో ఆ రోజు ముందు మట్టలు పట్టుకుని బజారంతా పాడుకుంటూ తిరిగొచ్చి, అప్పుడు లోపల ఆరాధన మొదలుపెడతారు. అందరూ బయల్దేరారు. మావకి తోడుంటానని నేను ఆగిపోయాను. అందరూ నన్ను మంచివాడనుకున్నారు. నిజానికి నా జేబులో స్క్రూడ్రైవరు, అలెన్ కీ ఉన్నాయి. చివరిసారిగా ఏమైనా తిప్పి చూద్దామని.

వాళ్లు వీధి దాటగానే మావ ఎడమచెయ్యి చాపాడు, ఇటు తెమ్మని. పొద్దున్నే నేను తెచ్చిపెట్టిన గిటారు ఆయన ఒళ్లో పెట్టాను. ముందు వాసన చూశాడు. నావైపు చూశాడు.

"అత్త... నూనె."

"అవును మావా."

ఎడమచేత్తో తీగ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మెడ ఒంట్లో కలిసే చోట వెనకాల తట్టాడు.

"ఆకు... ఏదిరా?"

నాకు నిన్నటి చీపురు గుర్తొచ్చింది. ఆయన ఒక్కొక్క మాటా కూడగట్టుకుని చెప్పాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడే దాని తీగలు ఎత్తుగా ఉండేవట. ఒక మట్టల ఆదివారం నాడు విసుగెత్తి, చేతిలో ఉన్న ఈతాకు తుంచి, మడిచి, మెడ కింద గుంటలో పెట్టి బిగించాడట. మెడ ఆ కాస్త వెనక్కి వాలేసరికి తీగలు కిందికి దిగాయి. అప్పట్నుంచీ అది అక్కడే ఉంది.

"ఊడ్సీసినాను మావా" అన్నాను. "పెరట్లో పారబోసీసినాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన ఇస్త్రీ చొక్కా చూస్తుంటే నాకే ఏడుపొచ్చేలా ఉంది. ఇంతలో ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. భయపడి దగ్గరికి వంగాను. నవ్వుతున్నాడు! మూతి ఒక పక్కే లేస్తోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు మాత్రం ఆగడం లేదు. జబ్బు చేశాక ఆయన నవ్వడం మేమెవరమూ చూడలేదు. ఆ నవ్వు కోసమైతే ఇంకో గిటారు కూడా విప్పేద్దును.

నవ్వు ఆగాక తన మట్టలోంచి ఒక ఆకు పళ్లతో పట్టి, ఎడమచేత్తో చీల్చి, నాకిచ్చాడు. మడవమన్నాడు. గబగబా తీగలు వదులు చేసి స్క్రూలు విప్పాను. ఆయన వాటిని పిడికిట్లో పట్టుకుని ఒక్కొక్కటీ అందించాడు. ఆకు పెట్టి బిగించేసరికి దూరంగా మట్టలవాళ్ల హోసన్నా పాట వినిపిస్తోంది. ఆయన తల ఊపి ఇంకా, ఇంకా అంటుంటే నేను శ్రుతి చేశాను. తీగలు బుద్ధిగా కిందికి దిగి కూర్చున్నాయి.

జనం లోపలికి వచ్చేస్తున్నారు. గిటారు తీసుకోబోయాను. మావ తన ఎడమచెయ్యి గిటారు మెడ మీంచి తియ్యలేదు.

"నువ్వు... మీటు."

గిటారు వైరు స్పీకరుకి తగిలించి, ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని మీటాను. నొక్కేది ఆయన, మీటేది నేను. ఆ గుమ్ గుమ్ మళ్లీ బెంచీల కింద నుంచి పాకింది. సుగుణ గుమ్మంలోనే ఆగిపోయి, మట్ట అడ్డుపెట్టుకుని ఏడ్చింది. మావ తల ఎత్తుకునే ఉన్నాడు. ఆయన్ని జాలిగా చూసినవాళ్లు నాకైతే కనపడలేదు. పాట తప్పకుండా చూసుకోవడంలోనే ఉన్నాను, ఒక చెయ్యే పెట్టినా తప్పులు నావే.

ఆరాధన అయ్యాక, వచ్చేవారం వస్తావా నాన్నా అని సుగుణ భయంభయంగా అడిగింది. ఆయన గిటారు వైపు చూపించాడు.

"పచ్చాకు. ఎండుతాది. వచ్చి... సూడాల."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆకు చూడ్డానికే వస్తున్నాడు. గిటారు సర్వీసింగ్ ఆయనది, వాయించడం ఆయనది, నేను కుడిచెయ్యిని. ఇంట్లో చీపురు మాత్రం సుగుణ తాళం వేసి పెడుతోంది.