ప్లే డే

బొగ్గు గనుల్లో ఆదివారం సెలవు. ఆ సెలవునాడు పనికి పిలిస్తే రెట్టింపు జీతం ఇస్తారు. ఎవరు పెట్టారో గానీ దానికి ప్లే డే అని పేరు. ఆటల రోజన్నమాట. భూపాలపల్లిలో ఎలక్ట్రీషియన్‌గా చేరిన కొత్తలో ఆ మాట విని, క్రికెట్ ఆడిస్తారేమో, ఒక జత బూట్లు కొనుక్కోవాలి అనుకున్నాను. నా తెలివి అంత.

అంతకు ముందు మహబూబాబాద్‌లో, మేం మానుకోట అని పిలుచుకునే ఊళ్లో, మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో పనిచేసేవాణ్ని. నా భార్య అక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది, ఇప్పటికీ చెబుతోంది. ఒకటే గది. ఆదివారం అరకిలో మటన్ తెచ్చుకుంటే అందులో ఒక్కటంటే ఒక్కటే మూలుగ బొక్క వచ్చేది. దాని కోసం నిజంగానే పోట్లాడుకునేవాళ్లం.

"పోయిన వారం నువ్వే తిన్నవ్, ఈ వారం నాది" అని ఆమె.

"పోయిన వారం దాంట్ల మూలుగే లేకుండె" అని నేను.

ఎవరు గెలిచినా రెండోవాళ్లు మధ్యాహ్నమంతా దెప్పుతూనే ఉండేవాళ్లు. అవి బంగారు రోజులని అబద్ధం చెప్పను. ఎండాకాలం ఆ గదిలో ఉడికిపోయేవాళ్లం. ఆమెకు జ్వరమొస్తే దవాఖానకు బయల్దేరే ముందు జేబు తడుముకునేవాణ్ని.

గని ఉద్యోగంతో ఆ బాధ తీరింది. జనగామలో మా బాపు ఇచ్చిన జాగాలో ఇల్లు కట్టుకున్నాం. కాలేజీ మానేసి నా దగ్గరికి వచ్చెయ్యమంటే ఆమె నా కళ్లలోకి సూటిగా చూసి "నువ్వు మానేసి రా" అన్నది. అలా ఆమె కొలువు మానుకోటలో, నాది భూపాలపల్లిలో, ఇల్లేమో జనగామలో. ఆదివారం మాత్రం ఇద్దరం ఆ ఇంట్లో ఉండాలని ఒప్పందం.

మొదటి ప్లే డే ఇంటి కోసం చేశాను. తర్వాత ఫ్రిజ్ కోసం. ఆ తర్వాత ఏసీ కోసం. మరి కొన్నాళ్లకు దేని కోసం చేస్తున్నానో నాకే తెలియకుండా పోయింది. శనివారం పెట్టే ప్లే డే లిస్టులో నా పేరు లేకపోతే ఒళ్లు మండేది. పేరు పడక జనగామ వచ్చినా కుదురు ఉండేది కాదు. తోటివాడు ఈపాటికి గనిలో దిగి ఉంటాడు, నేనిక్కడ సోఫాలో కూర్చుని నష్టపోతున్నాను అని ఒకటే గుబులు. మోకాలు దానంతటదే ఊగేది. ఆమె దాని మీద చెయ్యి వేసి నొక్కేది. ఒకసారి అలా నొక్కి పట్టి అన్నది: "ఒక్క ఆదివారానికి రెండింతలు ఇస్తరు, మంచిగనే ఉంది. మరి ఇంకో ఆదివారం ఎవరిస్తరు?"

నేను లేచి ఏసీ చల్లదనం పెంచాను.

ఈ ఎండాకాలం వరుసగా ఎన్ని ఆదివారాలు గనిలోనే గడిపానో చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆమె ఒక్కతే శనివారం బండికి వచ్చి, ఇల్లు ఊడ్చి, తాళమేసుకుని పోయేది. చివరికి ఒక శనివారం లిస్టులో ఉన్న నా పేరును నేనే కొట్టేయించాను. పక్కనున్నతను పరేషానైపోయి "ఏందన్నా, పానం మంచిగ లేదా?" అన్నాడు. ఆమెకు ఫోన్ చేయలేదు. చెప్పకుండా వెళ్లి ఆమె ముఖం చూడాలని ముచ్చటపడ్డాను.

పొద్దున్నే జనగామలో దిగి కిలో మటన్ కొన్నాను. అడిగి మరీ రెండు మూలుగ బొక్కలు వేయించుకున్నాను. ఇంటికి తాళం ఉంది. తీసి లోపలికి వెళ్తే సోఫా మీద దుమ్ము, వేలితో పేరు రాయగలిగేంత. అప్పుడు ఫోన్ చేశాను. అవతల పిల్లల గోల వినిపించింది.

"జనగామల ఉన్నవా? ముందుగాల చెప్పొద్దా! నెల సంది ఆదివారం క్లాసులు ఒప్పుకున్న. ఒక్కదాన్నే ఆడ కూసోని ఏం జెయ్యాలె? పైసలు గూడ మంచిగిస్తుండ్రు." నవ్వింది. "నాగ్గూడ ప్లే డే దొరికింది."

ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాతో ఒక మాట అనాలని కూడా ఆమెకు తోచలేదంటే, నేను ఇక రానని ఖాయం చేసుకున్నట్టే కదా. భయమేసింది. క్లాసులు ఎప్పుడు అయిపోతాయని అడిగాను. "నాలుగింటికి" అని పెట్టేసింది.

కూర వండాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది. రెండు బొక్కలూ పైన పెట్టి డబ్బా మూత బిగించి స్టేషన్‌కు నడిచాను. మానుకోట వైపు బండికి ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చున్నానో లేదో సూపర్‌వైజర్ నుంచి ఫోన్.

"తమ్మీ, రెండో షిఫ్టుకు మనిషి తక్కువున్నడు. ప్లే డే ఇస్త, అందుకుంటవా?"

దాచడమెందుకు, నా చూపు ముందు గడియారం మీదికే పోయింది. ఇప్పుడు బస్సెక్కితే భూపాలపల్లి ఎన్నింటికి చేరతానో మనసు అప్పుడే లెక్క వేసేసింది. ఒళ్లో డబ్బా ఇంకా వేడిగా ఉంది.

"రాలేను సార్. నాకు వేరేకాడ ప్లే డే పడ్డది."

"ఏ గనిల?"

"మానుకోటల."

మానుకోటలో గని లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఫోన్ పెట్టేశాడు. కిందికి చూస్తే ఒళ్లో డబ్బా అదురుతోంది. మోకాలు ఊగుతూనే ఉంది. ఆమె చెయ్యి పడితే గానీ ఆగేలా లేదు.