వెర్లిన్ తండ్రి రివాల్వరు

అది 1986 మార్చి పదకొండు, మంగళవారం. మంచుతుఫాను వెలిసింది గాని, నెబ్రాస్కా ఇసుకదిబ్బల మీద గాలి ఇంకా తగ్గలేదు. తుపాకులు బాగుచేసే కుచెరా దుకాణంలో నేను పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూండగా, వెర్లిన్ టాఫ్ట్ తువ్వాలులో చుట్టిన రివాల్వరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

వెర్లిన్ పశువులకు నీళ్ళు తోడే గాలిమరలు మరమ్మతు చేసేవాడు. అరవైకి దగ్గరపడిన బ్రహ్మచారి. గాలిమర ఎక్కితే మా వైపు చాలా దూరం కనిపిస్తుంది. మనుషులు మాత్రం కనిపించరు. ఇల్లు చేరితే తండ్రి ఉండేవాడు. ఇద్దరూ వాన గురించి, పశువుల గురించి నాలుగు మాటలు అనుకుని పడుకునేవారు. ఆ తండ్రి ముందటి వారమే పోయాడు.

అతనిలాంటి ముసలి సైనికుడు పోతే తోటి సైనికులు వచ్చి, సమాధి దగ్గర ఆకాశంలోకి మూడు మార్లు తుపాకులు పేల్చడం మా ఆచారం. దారులు మంచుతో మూసుకుపోయి ఖననం రోజు ఎవరూ రాలేకపోయారు. పాదిరీ, గొయ్యి తవ్వినవాడు, వెర్లిన్: అంతే. తండ్రికి మర్యాద తక్కువ కాకూడదని వెర్లిన్ తాతలనాటి రివాల్వరు తీశాడు. అది పాతకాలపు బలం తక్కువ తుపాకిమందు కోసం చేసినది. అతడు నింపినవి ఇప్పటి బలమైన తూటాలు. రెండు పేలాయి. మూడోదానికి తూటాల చక్రం పగిలి, చట్రం వంగింది.

"ఏం పెట్టావయ్యా దీంట్లో?" అన్నాడు కుచెరా.

"కొట్లో ఇచ్చినవే."

"కొట్టువాడికేం, దున్నపోతుకీ కోడిపిల్లకీ ఒకటే మేత పెడతాడు. వేళ్ళు మిగిలాయి, సంతోషించు."

"బాగవుతుందా?"

"అవుతుంది. చక్రం ఇంకోదాన్నించి తేవాలి, చట్రం ఇంకోదాన్నించి. అప్పుడు మీ తాతది గొట్టమూ పిడీ మిగుల్తాయి. గోడకి తగిలించుకోడానికైతే సరే, పేల్చడానికి మాత్రం నేను ఒప్పుకోను."

"లేకపోతే?"

"విప్పి భాగాలు అమ్మెయ్. ఈ రకానికి తూటాని కొట్టే సుత్తి దొరక్క, ట్రిగ్గరు దొరక్క ఏడ్చేవాళ్ళు దేశమంతా ఉన్నారు. చచ్చిన గాలిమర పళ్ళచక్రం పీకి ఇంకోదానికి పెట్టేవాడివి, నీకు నేను చెప్పాలా?"

"అవి మా నాన్నవి కావుగా."

విప్పడం వేరు, విరగగొట్టడం వేరు. ఈ రెండు క్రియలనూ కలిపివేసిన పిల్లలను నేను బడిలో ఎన్నడూ ఉపేక్షించలేదు. అయినా ఆ పూట వెర్లిన్ ముఖం చూస్తే, ఆ భేదం అతనికేమీ ఊరట కాదని తోచింది.

"మీరైతే ఏం చేస్తారు మాస్టారూ?" అన్నాడు వెర్లిన్ నావైపు తిరిగి.

"దాచుకుంటానయ్యా."

"నేను పోయాక ఎవరు దాచుకుంటారు? వేలంపాటలో పాత చెప్పుల పెట్టెలో పడేస్తారు."

వెర్లిన్ రివాల్వరును కుచెరా వైపు జరిపాడు. "విప్పు," అన్నాడు. కుచెరా మరలు తీసి ఇస్తూంటే, ఒక్కొక్క భాగాన్నీ తానే నూనెగుడ్డతో తుడిచి, వార్తాపత్రిక ముక్కల్లో విడివిడిగా చుట్టాడు. పగిలిన చక్రాన్నీ వంగిన చట్రాన్నీ ఎవరూ కొనరు గనక, అవి కోటుజేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మరికొన్నేళ్ళకు మోకాళ్ళు చెడి, గాలిమరలెక్కడం మానేసి, వెర్లిన్ నార్త్ ప్లాట్ పట్టణంలో ఒక గదికి మారాడు. 1995 అక్టోబరులో అక్కడినుంచి నాకు రాసిన ఉత్తరం ఇది:

"మాస్టారూ,

కాన్సస్‌లో మా రివాల్వరు ట్రిగ్గరు కొన్నాయన పోయాడు. ఆయన కూతురు సామాన్లు సర్దుతూ అది నాకే తిప్పి పంపింది. ఇది మీ ఇంటిదని మా నాన్న అనేవాడు, ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది అని రాసింది. నాకు తెలీదు. కుచెరా కూడా లేడు కదా, అడగడానికి. ఆమెకి జవాబు రాద్దామని కూర్చుంటే, థాంక్స్ తర్వాత ఏం రాయాలో తోచలేదు. ట్రిగ్గరు కిటికీ దగ్గర పెట్టాను. ఎవరికైనా అవసరం ఉందని వింటే చెప్పండి. పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను. ఇక్కడ గాలి బాగా తక్కువ.

వెర్లిన్"