హిల్కా సైకిలు వెనక టైరు

ఫిన్లాండులో మా ఊరు ఔలులో చలికాలం సైకిలు తొక్కడం గొప్పేమీ కాదు. బడిపిల్లలు తొక్కుతారు, డెబ్బై దాటిన ముసలమ్మలూ తొక్కుతారు. అయినా మా అపార్టుమెంటులో అందరికీ హిల్కా అంటే ఒకింత గౌరవం. మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, మందులు వేసి, ఒళ్లు తుడిచి, జావ తాగించి వచ్చే నర్సు ఆవిడ. కారు నడపడం రాదు. కనురెప్పల మీద మంచు గడ్డకట్టే చలిలోనైనా సైకిలే. "బస్సు కోసం నిలబడితే బిగుసుకుపోతాం. తొక్కితే వేడెక్కుతాం" అనేది.

చెల్లెలు సైమి విడాకులు తీసుకున్నాక వచ్చి ఆమె దగ్గరే ఉంటోంది. ఒక శరత్కాలంలో సైమి మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంట్లోనే సైకిలు తొక్కితే కాలు త్వరగా వంగుతుందని డాక్టరు చెప్పాడు. సైమి ఒక ఇనుప స్టాండు కొంది. వెనక చక్రాన్ని అందులో బిగిస్తే టైరు ఒక రోలరుకు ఆని తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. సైమికి సొంత సైకిలు లేదు. అక్కకు సెలవు రోజున అక్కదే ఎక్కించాలి. మంచు మీద పట్టు కోసం ఆ సైకిలు టైర్లకు సన్నటి ఇనుప మేకులు ఉన్నాయి. ఏం చేయాలో అడగడానికి సైకిలు షాపు కౌకో దగ్గరికి వెళ్లింది.

"మేకుల టైరు రోలరు మీద తిప్పితే రెండూ పాడైపోతాయమ్మా. పైగా ఆ రొదకి కిందింటివాళ్లు కర్ర పుచ్చుకుని వస్తారు," అన్నాడు కౌకో. "ఇంట్లోకి నున్నటి టైరు, బయటికి మేకులది."

"ముందు చక్రానికి మేకులుంటే చాలదా? వెనక నున్నటిదే ఉంచేస్తాను."

"ఏమీ లేనిదానికన్నా నయమే. కానీ మలుపులో వెనక చక్రం జారితే ముందుది ఏం చేస్తుంది? వెనక చక్రమే ఇంకోటి తీసుకుని దానికి నున్నటిది వేసి ఉంచుకో. చిటికెలో మార్చుకోవచ్చు."

"దానికి ఇంకో చక్రమెందుకు? చేతులున్నాయిగా," అని సైమి నున్నటి టైరు ఒక్కటే కొనుక్కుని వచ్చింది.

కొన్ని వారాలు బాగానే మార్చింది. ఒక ఆదివారం వాతావరణం కాస్త వెచ్చబడి, రోడ్ల మీది మంచు కరిగింది. సైమి వ్యాయామం ముగించి టైరు మార్చబోతే, మేకుల టైరు అంచు చక్రం మీదికి ఎక్కనని మొండికేసింది. గోరు విరిగింది. కిటికీలోంచి చూస్తే దారి నల్లగా, శుభ్రంగా కనిపిస్తోంది. రేపు సాయంత్రం వేద్దాంలే అనుకుని, నున్నటి టైరుతోనే సైకిలును కింద షెడ్డులో పెట్టి వచ్చింది.

భోజనాల దగ్గర హిల్కా అడిగింది. "టైరు మార్చావుగా?"

"ఆ."

అంత చిన్న అబద్ధం.

రాత్రి చలి మళ్లీ బిగిసింది. తడి రోడ్డు అద్దమైంది. తెల్లవారని చీకట్లో హిల్కా బయలుదేరింది. ముందు టైరు మేకులు ఎప్పటిలాగే కరకరమంటుంటే అనుమానం ఎందుకొస్తుంది? వంతెన దగ్గర మలుపులో వెనక చక్రం పక్కకి జారిపోయింది. మణికట్టు విరిగింది. కుక్కను తిప్పుతున్న పెద్దమనిషి ఒకాయన అంబులెన్సును పిలిచి, సైకిలును తీసుకొచ్చి సైమికి అప్పజెప్పాడు.

సైమి ఆస్పత్రికి పరుగెత్తాలి. పరుగెత్తలేదు. ముందు షెడ్డులో మోకాళ్ల మీద కూర్చుని మేకుల టైరు వేసింది. అప్పుడది ఒక్క ప్రయత్నంలోనే ఎక్కింది.

ఆస్పత్రి మంచం మీద హిల్కా, "రెండు చక్రాలకీ మేకులున్నాయి కదే. అయినా పడ్డానంటే లోపం నాలోనే. ముసలిదాన్నయిపోయాను," అంది. సైమి వంగి అక్క దుప్పటి సర్దింది.

కట్టు విప్పారు గానీ హిల్కా పాత హిల్కా కాలేదు. బాత్రూముకి కూడా గోడ పట్టుకుని నడిచేది. ఇళ్లకు తిరగలేను, ఫోన్ల దగ్గర కూర్చోబెట్టండని ఆఫీసుకు చెప్పేసింది. ఆమె చూసుకునే ఎల్వి అనే ముసలావిడ ఫోన్ చేసి, "ఇప్పుడొచ్చే పిల్ల జావలో ఉప్పు వెయ్యదమ్మా. నువ్వెప్పుడొస్తావ్?" అని అడిగింది. "అలవాటు పడతారులెండి," అని ఫోన్ పెట్టేసి, హిల్కా మొహం గోడవైపు తిప్పుకుంది. సైమి తేలుకుట్టిన దొంగలా గిన్నెలు కడుగుతూ నిలబడింది. అక్కకు బొత్తాలు పెట్టింది, జుట్టు దువ్వింది, ఇష్టమైన దాల్చినచెక్క రొట్టెలు చేసింది.

ఒక మధ్యాహ్నం హిల్కా అంది. "కౌకోకి ఫోన్ చెయ్యవే. సైకిలు అమ్మేస్తాను."

"వద్దక్కా."

"ఎందుకు? దాన్ని చూసుకుని ఏడవడానికా?"

"ఆ రోజు వెనక మేకుల టైరు లేదక్కా. నేను వెయ్యలేదు. అడిగితే వేశానని చెప్పాను. నువ్వు ఆస్పత్రికెళ్లాక వేశాను."

హిల్కా తన మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"విరిగింది చెయ్యి. అది అతుక్కుంది," అంది. "ఇన్నాళ్లూ నేను గోడలు పట్టుకుని నడుస్తుంటే, చూస్తూ ఎలా ఊరుకున్నావే?"

తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో రేడియో తప్ప ఎవరూ మాట్లాడలేదు.

హిల్కా మాత్రం ఆఫీసుకు ఫోన్ చేసి, తను చూసుకునే ఇళ్లు మళ్లీ తనకే ఇమ్మంది. రెండు చక్రాలకీ కొత్త మేకుల టైర్లు దగ్గరుండి వేయించుకుంది. వస్తూ వస్తూ ఒక పాత సైకిలును నున్నటి టైరుతో తెచ్చి స్టాండుకు బిగించింది. "ఇది గది దాటకూడదు. నువ్వు నాది ముట్టుకోకూడదు," అంది. చాలా రోజుల తర్వాత చెల్లెలితో ఆడిన మొదటి మాట అదే. మర్నాడు ఎల్వి ఇంటికి మంచులోనే వెళ్లింది.

ఇప్పుడు ఆ సంగతిని హిల్కాయే నలుగురిలో తమాషాగా చెబుతుంది. "మా చెల్లి మోకాలు బాగుచేసుకోవడానికి నా చెయ్యి విరగ్గొట్టింది," అంటుంది. అందరం నవ్వుతాం. సైమి మాత్రం కాఫీ తెస్తానని లేస్తుంది. తిరిగి రావడానికి, కాఫీకి పట్టేదానికంటే ఎక్కువసేపే పడుతుంది.