పెళ్ళికొడుకు కుర్చీలో వీకెండ్ టెస్టు

ముందుగా ఆ రోజు హాల్లో ఉన్నవాటి వివరం రాస్తాను. ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయిలు సుమారు ఎనభై మంది, అందరూ పెళ్ళి బట్టల్లో. ఇన్‌చార్జి సారు ఒకరు, భుజం మీద జరీ కండువాతో. భోజనాల బల్లలు, వాటి మీద విస్తళ్ళకు బదులు ప్రశ్నపత్రాలు. వేదిక మీద ఎర్ర మఖమల్ కుర్చీలు రెండు. పెళ్ళికొడుకు కుర్చీలో నేను, పెళ్ళికూతురు కుర్చీలో మా ఇంటి ఓనరు గారి అబ్బాయి. పెళ్ళి మాత్రం లేదు. బయట బంద్ నడుస్తోంది.

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న మాబోటి విద్యార్థులకు కాలం రెండే రకాలు: కాలేజీ ఉన్న రోజు, బంద్ ఉన్న రోజు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. మేం అద్దెకుండే పై పోర్షన్‌లో నాన్న (కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చినవారు) టీవీ ముందు కూర్చుని ఏమవుతుందో ఏమోనని ఆలోచిస్తుంటే, కింద ఓనరు అంకుల్ ధర్నాకి బయల్దేరుతూ మా నాన్నకే ఇంటి తాళాలు ఇచ్చి వెళ్ళేవారు. ఇంత చరిత్ర మెట్లకు పైనా కిందా జరుగుతుంటే, మధ్యలో నేను ఆలోచించింది ఒక్క నిద్ర గురించే. ఉదయం ఏడింటికి కాలేజీ, రాత్రి ఎనిమిది దాకా స్టడీ అవర్లు, ఇంటికొచ్చాక హోంవర్కు. అందుకని గోడకి ఒక చార్టు అంటించి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ గీశాను. నిద్రది ఎరుపు. దాన్ని మూడు వాయిదాలుగా పంచాను: రాత్రి కొంత, బస్సులో రాడ్డు పట్టుకుని కొంత, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసేశాక కొంత. అయినా తక్కువే పడింది. ఆ లోటు పూడ్చడానికి చివర్లో ఒక గడి గీసి, ‘బంద్ (అంచనా)’ అని రాశాను. బంద్ ఎప్పుడు పిలుస్తారో పిలిచేవాళ్ళకే తెలియని రోజుల్లో, దాని మీద ఆధారపడి నిద్ర ప్రణాళిక వేసిన వాణ్ణి ఆ రోడ్డు మొత్తం మీద నేనొక్కణ్ణేనని అనుకుంటాను.

ఓనరు గారి అబ్బాయికి ఏ చార్టూ లేదు. సాయంత్రం కాగానే ఆకులు ముడుచుకునే చెట్టు పేరు పెట్టి, వాణ్ణి కాలేజీలో అందరూ నిద్రగన్నేరు అనేవాళ్ళు. రాత్రి అన్నం తిని తొమ్మిదిన్నరకి పడుకునేవాడు. కింద చుట్టాలున్నా, వీధిలో ఊరేగింపు పోతున్నా, మర్నాడు పరీక్షే ఉన్నా సరే. పొద్దున ఆరింటికి లేచేవాడు. ర్యాంకు మాత్రం ఎప్పుడూ ఒకటి. రెండు విషయాలూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి గురువు దగ్గర కూర్చున్నంత వినయంగా అడిగాను, అంత త్వరగా నిద్ర ఎలా పడుతుందిరా అని.

"కండ్లు మూస్త."

"తర్వాత?"

"తర్వాత నాకేమెరుకరా? పండుకుంట గద."

ఇక అసలు సంగతి. మా కాలేజీలో పై సెక్షన్‌కి సీట్లు నలభై. పబ్లిక్ పరీక్షలకి ముందు ఒక పెద్ద వీకెండ్ టెస్టు పెట్టి, అందులో మొదటి నలభై మందినే అక్కడ ఉంచుతారు. నేను అప్పటికి ఆ సెక్షన్ తోక భాగంలో వేలాడుతున్నాను. నాన్న అప్పటికే ఊళ్ళో మా పెదనాన్నలు ముగ్గురికీ ఫోన్లు చేసి "మావాడు పై సెక్షన్‌లోనే ఉంటాడు" అని చెప్పేశారు. పేరుకి వీకెండే గానీ, టెస్టు శుక్రవారం. ఆ వారం మొదట్లోనే శుక్రవారానికి బంద్ పిలిచారు. టెస్టు వాయిదా పడ్డట్టేనని నేను తేల్చేసుకుని, నిద్రంతా బంద్ రోజుకి బదిలీ చేసి, రెండు రోజులు దాదాపు పడుకోకుండా కెమిస్ట్రీ మీద కూర్చున్నాను. గురువారం సాయంత్రం కాలేజీ నుంచి నాన్న ఫోనుకి మెసేజీ వచ్చింది. టెస్టు యథాతథం, స్థలం మాత్రం ఎల్‌బీ నగర్ దగ్గర ఫలానా ఫంక్షన్ హాలు. యూనిఫాం వద్దు, పెళ్ళి బట్టల్లో రావాలి. రాసుకునే అట్టని చీరల షాపు కవర్లో పెట్టుకుని తేవాలి. ఎవరైనా ఆపితే పెళ్ళికి వెళుతున్నామని చెప్పాలి. (పెళ్ళి ఎవరిదో మెసేజీలో లేదు. ఎవరికి వారు ఒక్కో పెళ్ళికొడుకు పేరు సిద్ధం చేసుకుని వచ్చాం.) అమ్మ మా బాబాయి పెళ్ళికి కుట్టించిన పట్టు లాల్చీ తీసి ఇస్త్రీ చేసింది. నిద్రగన్నేరు రోజూ వేసుకునే గళ్ళ చొక్కాతోనే బయల్దేరాడు. ఇదేంట్రా అంటే, పెండ్లికైనా గిట్లనే పోత అన్నాడు.

బల్లలు చాలక మా ఇద్దరినీ వేదిక ఎక్కించారు. అంతకు ముందు నేనెప్పుడూ అలాంటి కుర్చీలో కూర్చోలేదు. కూర్చోగానే మఖమల్ మెత్త నన్ను నడుము దాకా లోపలికి తీసుకుంది. ఫిజిక్స్ మొదటి ప్రశ్న మూడుసార్లు చదివినట్టు గుర్తు. ఇక్కణ్ణుంచి రాసేది నేను చూసింది కాదు. తర్వాత నలుగురిని విడివిడిగా అడిగి, నలుగురూ ఒప్పుకున్నవి మాత్రమే రాస్తున్నాను.

హయత్‌నగర్ వైపు నుంచి ఊరేగింపుగా వస్తున్న ఉద్యమ విద్యార్థులు, ఒక యాభై మంది, హాలు గుమ్మం దగ్గర ఆగారు. వాళ్ళని ఆపింది చెప్పులు. పెళ్ళి జరుగుతున్న హాలు ముందు అన్ని జతలుండి, అందులో ఆడవాళ్ళ చెప్పు ఒక్కటీ లేదు. (సెక్షన్‌లని వడపోయడంలో ఆరితేరిన మా కాలేజీకి ఈ లెక్క తట్టలేదు.) జై తెలంగాణ అంటూ లోపలికి వచ్చారు. ఇన్‌చార్జి సారు కండువా సర్దుకుని, పెళ్ళి బాబూ, భోజనాల వేళ అని ఏదో చెప్పబోయారు. వాళ్ళ నాయకుడు పొడుగ్గా, అరిచి అరిచి గొంతు బొంగురు పోయిన డిగ్రీ కుర్రాడు. వేదిక వైపు చూశాడు.

"పెండ్లిపిల్ల ఏది సార్? గళ్ల అంగేసుకున్న గీ పోరడా?"

హాలంతా నవ్వింది. పేపర్లు పక్కన పెట్టి అందరినీ బయటికి నడవమన్నారు. మళ్ళీ నినాదాలు మొదలయ్యాయి. యాభై గొంతులు, రేకుల పైకప్పు. నేను కదలలేదు. జవాబుల షీటు చెంపకి అతుక్కుని ఉంది. నాయకుడికి భయం వేసి, పైకొచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ, పక్క కుర్చీలోని నిద్రగన్నేరుని అడిగాడట.

"ఏమైందిరా గీనికి?"

"ఏం కాలేదన్నా. రెండు దినాలాయె పండుకోక."

"ఎవలింటి పోరడు?"

"మా ఇంట్ల కిరాయికుంటరు. ఆంధ్రోళ్లు."

ఇన్‌చార్జి సారు కండువాతో మొహం తుడుచుకున్నారట. నాయకుడు నా ముక్కు దగ్గర్నుంచి వేలు తీశాడు.

"నిద్రల ఆంధ్రేంది, తెలంగాణేంది. పండుకోనీ."

అని వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టాడు. అంతే. ఆ యాభై మందీ, వాళ్ళ వెనక మిగతా మావాళ్ళూ మునివేళ్ళ మీద నడిచారు. బ్యానరు పట్టుకున్నవాళ్ళు కర్రలు నేలకి రాసుకోకుండా పైకి ఎత్తుకున్నారు. ఒకరు పోతూ పోతూ నా మీదకి ఫ్యాను తిప్పారు. రోడ్డు మీద పెట్రోలు బంకు దాటాకనే మళ్ళీ నినాదం ఎత్తుకున్నారట. బస్సుల్ని, దుకాణాల్ని, మా కాలేజీని ఆపిన బంద్ అది. అది నా నిద్ర కోసం గొంతు తగ్గించుకుంది.

నేను లేచేసరికి మధ్యాహ్నం దాటింది. హాలు ఖాళీ. పక్క కుర్చీలో నిద్రగన్నేరు నిద్రపోతున్నాడు. నన్ను ఒక్కణ్ణే వదిలిపోతే మంచిగుండదని ఉండిపోయి, ఉన్నాడు కాబట్టి కళ్ళు మూశాడు. పేపరు ఎంత రాశావురా అంటే, వాళ్లొచ్చేటాల్కే అయిపోయింది అన్నాడు. ఇద్దరం నడిచి ఇంటికి వచ్చాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఒక్క బండి లేదు. పట్టు లాల్చీలో నేనూ, గళ్ళ చొక్కాలో వాడూ, విజయవాడ హైవే నట్టనడుమ. ఆ రోడ్డు అంత వెడల్పని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ టెస్టు రద్దు చేసి ఆదివారం మళ్ళీ పెడతామన్నారు. నేను పాత చార్టు పక్కన పెట్టి, వాడి పద్ధతి ప్రకారం తొమ్మిదిన్నరకి పడుకుని కళ్ళు మూశాను. శుక్రవారం రాత్రి చాలాసేపు మూసినవి మూసినట్టే ఉన్నాయి. శనివారం రాత్రి నిద్ర పట్టింది. అలా హాయిగా పడుకున్నందువల్ల కెమిస్ట్రీలో రెండు చాప్టర్లు మిగిలిపోయాయి.

ఇప్పుడు నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా క్యాలెండరులో రంగులు నాలుగు నుంచి తొమ్మిదికి పెరిగాయి, ఎరుపు మాత్రం ఎప్పుడూ ఏదో ఒక మీటింగు కింద పడి ఉంటుంది. మెట్రోలో ఆ వైపు వెళ్ళినప్పుడు, చెంపకి షీటు అంటించుకుని పడుకున్న ఆ కుర్రవాడికి ఒక మాట చెప్పాలనిపిస్తుంది. మళ్ళీ, వాణ్ణి లేపడం ఎందుకులే అనుకుంటాను. ఆదివారం టెస్టు ఫలితాలు మంగళవారం నోటీసు బోర్డు మీద పెట్టారు. నిద్రగన్నేరు ఒకటి. నేను నలభై ఒకటి.