మూలగడం మానేశాక

మా వైపు ఆడవాళ్ళ నొప్పికి నోరుండాలి. కూర్చుంటే "అమ్మా", లేస్తే "అయ్యో" అనాలి. అది వినబడితేనే పక్కింటి పిన్ని వచ్చి చేతిలో బిందె అందుకుంటుంది, అత్తగారు "కాసేపు నడుం వాల్చవే" అంటుంది. నోరు తెరిచి విశ్రాంతి కావాలని అడిగే అలవాటు మా ఇళ్ళలో లేదు.

నడుములో డిస్కు జారిన ఏడాది నేనూ బాగానే మూలిగాను. నరసరావుపేట డాక్టరు మాత్రలిచ్చి, ధ్యానం కూడా నేర్చుకోమని తన ఆస్పత్రిలోనే ఒకావిడ దగ్గరికి పంపాడు. "నొప్పితో పోట్లాడకండి. ఊపిరిని గమనిస్తూ అది ఎక్కడుందో చూడండి" అందావిడ. ఊరికే కూర్చుంటే నొప్పి పోతుందా అని లోపల తిట్టుకున్నాను. చూడగా చూడగా ఒకటి తెలిసింది. నడుములో ఉన్నది కొంతే. మంచాన పడతానేమో, నన్నెవరు చూస్తారు అన్న భయం దానికి రెట్టింపు. ఆ భయం పలచబడింది. నొప్పి ఉన్నచోటే ఉంది, నేను మాత్రం దాని పక్కన కూర్చోగలిగాను.

అలా కుదుటపడి మూలగడం మానేశాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని.

"నెప్పి పోయినట్టేగా, ఇంకేంది?" అంది అత్తగారు. మర్నాడే మిరపకాయల రాశి ముందు నాకు పీట పడింది. రంగు చెడిన తాలుకాయలు ఏరడానికి వచ్చే కూలీమనిషిని మా ఆయన ఇక రావద్దన్నాడు. పొద్దుట నుంచి వంగి ఏరితే సాయంత్రానికి మడమ దాకా లాగేది. ఘాటుకు అందరి కళ్ళూ కారుతుంటాయి కనక నేను ఏడ్చినా ఎవరికీ తెలియలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారని, ఒకరోజు అడిగాను కూడా. నొప్పిగా ఉంది, ఇక లేస్తానన్నాను.

"నెప్పున్నోళ్ళు ఇంత నిమ్మళంగా మాట్లాడతారటే?" అంది అత్తగారు, కాయల మీంచి తలెత్తకుండా.

నెల తిరిగాక మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. ఎలా ఉందని డాక్టరు నన్నే అడిగాడు. జవాబు మా ఆయన చెప్పాడు.

"చానా తగ్గిందండీ. అసలు మూలగటమే లేదు."

"తగ్గలేదు" అన్నాను, బయట బెంచీ మీది వాళ్ళు లోపలికి తొంగిచూసేంత గట్టిగా.

"ధ్యానం చేసేవాళ్ళకు ఇంత కోపమేంటమ్మా?" అన్నాడు డాక్టరు.

మా ఆయన నవ్వాడు. డాక్టరూ నవ్వి, మాత్రలు సగానికి తగ్గించి రాశాడు. ఆ నవ్వుల్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.