రెండో ట్రాకులో మా ఆయన

మా ఆయన ద్వారకానాథ్ మాటల్లో మహా పొదుపరి. పెళ్ళిచూపులకి కాకినాడలో మా ఇంటికొచ్చి, రెండు జంతికలు తిని, "అమ్మాయినేమైనా అడుగుతావా బాబూ?" అంటే తల అడ్డంగా ఊపాడు. నెమ్మదస్తుడు, నీలిమ అదృష్టవంతురాలు అని మా పిన్ని మురిసిపోయింది. కాపురం చెయ్యాల్సింది ఆవిడ కాదుగా.

సిడ్నీలో రైల్వే సిగ్నళ్ళ ఇంజినీరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇల్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఇంటికి రాగానే రోజెలా గడిచిందని అడిగేదాన్ని. "గడిచింది" అనేవాడు. కూరెలా ఉందంటే బానే ఉందనేవాడు. ఉప్పు మర్చిపోయిన రోజూ బానే ఉంది, మాడ్చేసిన రోజూ బానే ఉంది. మిగతావాటన్నిటికీ "ఊ" ఒకటుంది. ఆ "ఊ"తోనే ఒక ఇల్లు కొన్నాం, ఒక పిల్లని పెంచాం. మగవాళ్ళందరూ ఇంతే, నీకు ఎక్కువ ఆశలు అని స్నేహితురాళ్ళు సర్దిచెప్పేవారు. నేనూ సర్దుకున్నాను. మనిషికి మాటలు రావు, పాపం, ఏం చేస్తాడు అనుకున్నాను.

పెళ్ళికి ముందు ఈయన కోబెలో ఉద్యోగం చేశాడు. అక్కడ నేర్చుకున్న జపాన్ భాష ఆయన్ని వదల్లేదు. రిటైరయ్యాక మా వాళ్ళలో కొందరు గుడి కమిటీలో చేరతారు, కొందరు పొద్దున్నే గుంపుగా నడుస్తారు. ఈయన సిటీ దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాడు. పాత సినిమాల రీళ్ళు తెప్పించి, గీతలూ మరకలూ తుడిచి, డిస్కులుగా వేసి అమ్మే కంపెనీ అది. ఈ రోజుల్లో డిస్కులు కొనేవాళ్ళెవరండీ అంటే, ఉన్నారట. గట్టి అట్టపెట్టె, లోపల చిన్న పుస్తకం, కొద్ది కాపీలే వేస్తారని తెలిస్తే చాలు, ఎగబడతారట. ఈయన పని జపాన్ సినిమాల ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో తప్పులు పట్టుకోవడం.

అలా వచ్చి పడింది ఆ సినిమా. దాచడమెందుకు, యాభై ఏళ్ళనాటి జపాన్ బూతు సినిమా. ఆ మాట అంటే మా ఆయనకి కోపం. "బూతు కాదు నీలిమా, ఎరోటిక్. అందులో చీకటుంది, బాధుంది, ఆ రోజుల్లో చిన్న చిన్న కంపెనీలు ఇలాంటివి చాలా తీశాయి" అన్నాడు. ఆ నెలలో నాతో అన్న అతి పెద్ద వాక్యం అది.

కథ చెప్తాను. ఎప్పుడూ వాన కురిసే ఊళ్ళో గొడుగులు బాగుచేసే ముసలాయన, ఆయన పడుచు పెళ్ళాం, పై గదిలో అద్దెకి దిగిన కుర్రాడు. ముసలాయనకి అంతా తెలుసు, ఏమీ అనడు. గోడకి చెవి ఆనించి కూర్చుంటాడు. చివరికి ముగ్గురిలో ఒక్కరే మిగులుతారు. ఎవరన్నది చెప్పను, కొనుక్కుని చూడండి.

మా ఇల్లు ఇక్కడి కొత్త ఇళ్ళన్నిటిలాగే వంటగది, హాలు ఒకటే. ఆయన సోఫాలో లాప్‌టాప్ పెట్టుకుని పెద్ద టీవీలో ఆ సినిమా ఆపి ఆపి చూసేవాడు. పక్కింటి కిటికీ చెయ్యి చాపితే అందుతుంది కాబట్టి పట్టపగలు బ్లైండ్స్ అన్నీ దించేసేవాడు. మా తెలుగు సంఘం రామ్మోహన్ గారు నడకకి వెళ్తూ అది గమనించి, "ఏమ్మా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అని ఆగారు. "ఈయనకి మైగ్రేన్ అంకుల్" అన్నాను. ఇంకేం చెప్పను?

నేను వంటగది గట్టు దగ్గర గోంగూర కోసుకుంటూ ఆ సినిమా మొత్తం చూశాను, ముక్కలు ముక్కలుగా, వెనక నుంచి. మొదట్లో సిగ్గేసింది. తర్వాత అలవాటైపోయింది. ఒంటిమీద నూలుపోగు లేని ఆ పిల్లని చూసి నాకేమీ అసూయ కలగలేదు, ముందే చెప్తున్నాను. చలేస్తుందేమో పాపం అనిపించింది, అంతే.

ఒక సీనుంది. రాత్రంతా పై గదిలో గడిపి, తెల్లారాక ఆమె కిందికొచ్చి, గిన్నెలో అన్నం పెట్టుకుని ఒక్కతే కూర్చుని తింటుంది. చాలాసేపు తింటుంది. మా ఆయన ఆ సీను ఆపి, పుస్తకాల్లో ఇది సిగ్గులేనితనం అని ఒకాయన, పాపభయం అని ఇంకొకాయన రాశారని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

"రెండూ కాదు" అన్నాను, ఆకులు తుంపుతూ. "సినిమా మొదటినించీ చూడండి. మొగుడు తిన్నాక, అద్దెకున్నవాడు తిన్నాక, గిన్నె గీక్కుని తింటోంది ఆవిడ. ఇవాళే ముందు తింది. వేడిగా, మొదటి ముద్ద. అదీ ఆవిడ చేసిన అసలు పని. మేడమీద చేసింది కాదు."

ఆయన "ఊ" అన్నాడు. నేను పప్పు పొయ్యిమీద పెట్టుకున్నాను.

తర్వాత ఆ పనిలోకి సచికో అని ఒకావిడ వచ్చింది. యూనివర్సిటీలో సినిమా పాఠాలు చెప్తుంది. ఇలాంటి డిస్కుల్లో మామూలు శబ్దంతో పాటు రెండో ట్రాకు కూడా ఉంటుంది. సినిమా నడుస్తుంటే విషయం తెలిసినవాళ్ళు ఇద్దరు పక్కపక్కన కూర్చుని దాని గురించి మాట్లాడుకున్నది రికార్డు చేసి అందులో పెడతారు. దానికి సచికోనీ, మా ఆయన్నీ పిలిచారు. మా ఆయన్ని, మాట్లాడ్డానికి! నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం చొక్కా స్వయంగా ఇస్త్రీ చేసుకుని బయల్దేరాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ సన్నగా కూనిరాగం తీశాడు. ఈయనకి కూనిరాగం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కంపెనీ వెబ్‌సైటులో ఆవిడ ఫొటో వెతికి చూశాను. నా ఈడుదే. జుట్టు నెరిసింది, రంగు కూడా వేసుకోలేదు. కళ్ళజోడు. ఏ అందగత్తో అయ్యుంటే నాకింత మండేది కాదు. మగబుద్ధి అని తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఈవిడ దగ్గర ఈయనకి మాటలు ఎందుకు పుట్టాయి? నిద్రపట్టలేదు. వంటలో కారం ఎక్కువైంది. బానే ఉంది అన్నాడు.

కొన్ని వారాలకి చెక్ డిస్క్ పోస్టులో వచ్చింది. ఫ్యాక్టరీలో కాపీలు వెయ్యకముందు, తప్పులుంటే చెప్పమని పంపే నమూనా అది. ఆయన రక్తపరీక్షకి పక్కనే ఉన్న లివర్‌పూల్ వెళ్ళిన పొద్దున నేనే దాన్ని ప్లేయర్లో పెట్టాను. రెండో ట్రాకు ఎలా వినాలో తెలీక యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయి అనన్యకి ఫోన్ చేశాను.

"ఏం సినిమా మమ్?"

"నాన్న సినిమాలే. ఎలా మార్చాలో చెప్పు."

"జస్ట్ ప్రెస్ ఆడియో, మమ్. ట్రాక్ టూ. వెయిట్, ఆర్ యూ వాచింగ్ దట్ వన్?"

పెట్టేశాను ఫోను.

విన్నాను. మా ఆయన మాట్లాడుతున్నాడు. ఒక మాట మీద ఇంకో మాట. ఆగి, నవ్వి, మళ్ళీ అందుకుని. కోబెలో ఆయన అద్దెకున్న ఇంటి ముసలావిడ వానొస్తే గుమ్మం దగ్గర పొడి తువ్వాలు పెట్టి ఉంచేదట. ఒకరోజు మర్చిపోతే ఇంటిమీద బెంగతో ఆ మెట్లమీదే కూర్చుని ఏడ్చాడట. ఏడ్చాడట! ఇంత కాపురంలో నాకా తువ్వాలు సంగతి తెలీదు, ఆ ఏడుపు సంగతీ తెలీదు. సచికో అడుగుతోంది, ఈయన చెప్తున్నాడు. తెరమీద ఆ పిల్ల కుర్రాడి చేతుల్లో ఉంది, నాకదేం కనిపించలేదు. ఆ స్టూడియోకెళ్ళి ఆవిడ కుర్చీ లాగేసి నేను కూర్చోవాలనిపించింది.

అన్నం సీను వచ్చింది.

"గమనించారా," అంటున్నాడు మా ఆయన ఇంగ్లీషులో, "మొదటినించీ ఈమె అందరి తర్వాత తింటోంది. ఇవాళే ముందు తింది. పై గదిలో జరిగినదాని కన్నా పెద్ద తిరుగుబాటు ఇది."

ఎన్నో ఏళ్ళుగా ఈ సినిమా పాఠంగా చెప్తున్నాననీ, ఒక్కసారీ తనకి తట్టలేదనీ అంది సచికో. "దట్ ఈజ్ బ్యూటిఫుల్, ద్వారకా."

"థాంక్యూ" అన్నాడు మా ఆయన.

టీవీ ఆపేశాను. అప్పటిదాకా ఆయన మాటలన్నీ ఆవిడకి పోతున్నాయని ఏడ్చాను. ఇప్పుడు నా మాట కూడా పోయింది.

మోచేతి దగ్గర దూది అంటించుకుని ఆయన ఇంటికొచ్చాడు. కాఫీ ఇవ్వలేదు.

"ఏవండీ, అన్నం ముందు తిందని ఎవరు చెప్పారు మీకు?"

మనిషి తెలివైనవాడే. టీవీ వైపు చూశాడు, ప్లేయర్ పక్కన ఖాళీ డబ్బా చూశాడు, సోఫా చివర కూర్చున్నాడు.

"నువ్వే" అన్నాడు.

"మరి నా పేరేది?"

"అది కాదు నీలిమా. పేరు చెప్తే నువ్వా సినిమా చూశావని లోకమంతటికీ తెలిసిపోతుంది. రేపో మాపో అనన్యకి సంబంధాలు చూడాలి. రామ్మోహన్ గారి లాంటివాళ్ళు ఊరుకుంటారా? నీ గురించి ఎవరూ ఒక్క మాట అనకూడదనే..."

"మీ పేరు డబ్బామీద అచ్చేస్తున్నారుగా. మీ గురించి అనరా?"

నిజంగానే నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. మా వాళ్ళలో మంచి మొగుళ్ళు చేసే పనే అది, పెళ్ళాం పరువుని బీరువాలో పెట్టి తాళం వెయ్యడం.

"ఆవిడ మెచ్చుకుంటే మీరు థాంక్యూ అన్నారు" అన్నాను. "నా తరఫున అన్నారా? మీ తరఫునా?"

నేను లోపలికి వెళ్ళిపోయాను. చాలాసేపటికి ఫోన్లో ఆయన గొంతు వినిపించింది. కంపెనీవాళ్ళతో, చెక్ డిస్క్‌లో ఒక తప్పుందనీ, అది తనదేననీ, ఆ ఒక్క ముక్క మళ్ళీ రికార్డు చెయ్యాలనీ చెప్తున్నాడు.

రికార్డింగుకి నేనూ వెళ్తానన్నాను. కాదనలేదు. పట్టుచీర కట్టలేదు గానీ దాని తర్వాత అంత మంచి చీర కట్టాను. సచికో ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "ఆ మాట మీదేనని తెలిసింది, చాలా సంతోషం" అంది. మర్యాదస్తురాలు. అదీ నచ్చలేదు నాకు. నన్ను గాజు గోడకి ఇవతల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చారు. అవతల గదిలో వాళ్ళిద్దరూ, మధ్యలో రెండు మైకులు. తెరమీద ఆ పిల్ల అన్నం పెట్టుకుంది.

"ఇది నేను కనిపెట్టింది కాదు" అన్నాడు మా ఆయన. "నా భార్య నీలిమ చెప్పింది."

నా పేరు ఆయన నలుగురిలో అంత స్పష్టంగా చెప్పగా విని ఎన్నాళ్ళయిందో. హెడ్‌ఫోన్లు చెవులకి ఇంకాస్త నొక్కుకున్నాను, అబద్ధమెందుకు.

సచికో అడిగింది, "ఇంతమంది చూసినా కనిపించనిది ఆవిడకెలా కనిపించింది?"

మా ఆయన తెరమీద ఆ అన్నం గిన్నె వైపు చూశాడు.

"ఎందుకంటే" అన్నాడు మా ఆయన, "మా ఇంట్లో అందరికన్నా చివర తినేది ఆవిడే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను చూడలేదు. ఇప్పుడే తెలిసింది."

ఆ మాట అంటూ ఆయన చూసింది సచికో వైపు. సచికో మెల్లగా ఆయన చేతిమీద చెయ్యి వేసింది. ఎన్నేళ్ళుగానో నాతో అనాల్సిన మాట అది. నేను గాజుకి ఇవతల, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇంకొకావిడతో అంటుంటే విన్నాను.